వ్యాపార రేఖాపటములు: వాని చరిత్రము, వాని ధర్మము

పూర్వము మన గ్రామములలో ధాన్యము కొలుచుటకు మానిక, కుంచము, తూము మొదలగు కొలపాత్రలు వాడుకలో నుండెడివి. పేర్లు తెలుగుదేశమంతట నించుమించుగ నొక్కటే. కాని యొక సీమలోని కుంచము మఱియొక సీమలోని కుంచముతో సరిపోయెడిది కాదు. అప్పిచ్చునప్పు డొక కుంచమును, వసూలు చేయునప్పుడు మఱియొక కుంచమును బయటికి తీయు షావుకార్లుండిరని పెద్దలు చెప్పుకొనుట మేము వినియున్నాము. అట్టి షావుకారు లెక్కలో నబద్ధమాడలేదు. ఇచ్చినది పది కుంచములు. పుచ్చుకొన్నదియు పేరునకు పది కుంచములే. మోసము సంఖ్యలో లేదు, కొలపాత్రలో నున్నది. 1956వ సంవత్సరమున భారత పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణముల చట్టమును చేసి దశాంశ పద్ధతిని దేశమంతటికి నిర్ణయించెను. అటుపిమ్మట ఈ యన్యాయమునకు చట్టమే యడ్డుగ నిలిచినది.

ఆ పాత కుంచమే నేడు వేఱొక రూపముతో మన కార్యాలయములలో తిరుగుచున్నదని మేము చెప్పినచో పాఠకులు వింతపడవచ్చును. కంపెనీల వార్షిక నివేదికలలోను, బ్యాంకుల ప్రకటనలలోను, సహకార సంఘముల సర్వసభ్య సమావేశములలోను చూపబడు రేఖాపటములనుగూర్చియే మేము చెప్పుచున్నాము. పటము గూడ నొక కొలపాత్రయే. అది సంఖ్యను పొడవుగా మార్చి కంటికి చూపును. ఆ పొడవునకు మూలమైన కొలమానము పుటపుటకు మాఱుచుండెనేని, క్రింద వ్రాసిన సంఖ్యలన్నియు సత్యములే యైనను చూచువాని మనస్సులో మిగులునది యసత్యమే. కావున పటములయందు ఏకరీతిని పాటించుట యలంకారమునకు సంబంధించిన విషయము కాదు. న్యాయమునకు సంబంధించిన విషయము. ఈ సంగతిని లోకము ఎట్లు నేర్చుకొనెనో, నేర్చుకొన్నదానిని ఎట్లు మఱచుచున్నదో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మన వర్తకులకు ఏకరీతి క్రొత్త కాదు. చిట్టా, ఆవర్జా వ్రాయు వారి పద్ధతిని పరికింపుడు. ఏనాటి వ్యవహారము ఆనాడే చిట్టాకెక్కును. అచ్చటనుండి ఆసామీవారీగ ఆవర్జాకు పోవును. జమ యొక ప్రక్కను, ఖర్చు మఱియొక ప్రక్కను ఉండితీరవలెను. ఒక పుటలో జమ యెడమను, తరువాతి పుటలో కుడిని వ్రాసిన గుమాస్తాను ఏ యజమానియు మఱునాడు కొలువులో నుంచుకొనడు. తాత వ్రాసిన పుస్తకమును మనుమడు విప్పి చదువగలుగుటకు కారణము ఆ క్రమమే. అక్షరముల లెక్కకు ఇంత కట్టుబాటు చేసికొన్న మనము, బొమ్మల లెక్కకు మాత్రము ఏ కట్టుబాటును చేసికొనలేదు. అది మనకు పరదేశమునుండి వచ్చిన విద్య. వచ్చిన విద్యతోడనే దాని క్రమశిక్షణ గూడ వచ్చునని యనుకొంటిమి. అట్లు రాలేదు.

ఈ విద్యకు మూలపురుషుడు విలియం ప్లేఫేర్. ఇతడు 1759వ సంవత్సరమున స్కాట్లండులో జన్మించెను. చిన్ననాడే తండ్రి గతింపగా, గణితశాస్త్రజ్ఞుడై ప్రసిద్ధి చెందిన యన్న జాన్ ప్లేఫేర్ ఇతనికి చదువు చెప్పెను. ఆ యన్న తమ్మునిచేత ప్రతిదినము ఉష్ణమాపకమును చూపించి, ఆనాటి వేడిని గీతలుగా గీయించెడివాడట. తరువాత విలియం బర్మింగ్‌హాం నగరమున ఆవిరియంత్ర నిర్మాత జేమ్స్ వాట్ కడ చిత్తు పటములు గీయు కొలువు చేసెను. ఇంటిలో నేర్చిన వేడిగీతలును, కర్మాగారమున నేర్చిన చిత్రలేఖనమును అతని మనస్సులో నొక్కటియైనవి. దినదినమునకు మాఱు వేడిని గీతగా చూపగలిగినప్పుడు, ఏటేటికి మాఱు వర్తకమును మాత్రమేల చూపరాదు? ఈ ప్రశ్నకు సమాధానముగ 1786వ సంవత్సరమున లండనులో వాణిజ్య రాజకీయ పటముల గ్రంథమును ప్రకటించెను. కాలమును అడ్డముగను, ధనమును నిలువుగను కొలిచి, దేశముల ఎగుమతి దిగుమతులను గీతలుగా గీసిన మొదటి గ్రంథమదియే.

ఆ గ్రంథములోని పటములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇంగ్లండునకు డెన్మార్కు, నార్వే దేశములతో 1700 మొదలు 1780 వఱకు జరిగిన వర్తకమును చూపునది. అందు రెండు గీతలున్నవి: ఒకటి దిగుమతి, రెండవది ఎగుమతి. మొదట దిగుమతి గీత మీదను, ఎగుమతి గీత క్రిందను నడచును. 1750 దశకము నడుమ రెండును ఒకదానినొకటి దాటుకొని స్థానములు మార్చుకొనును. నడిమి చోటు ఇంగ్లండునకు నష్టముగా నున్నంతవఱకు ఒక రంగును, లాభమైనప్పటినుండి మఱియొక రంగును పూసి, ఆ మాటలను అచ్చటనే వ్రాసినాడు. ఎనుబదియేండ్ల వర్తకచరిత్రము ఒక్క చూపులో తెలియును. మన దేశముతో ఇంగ్లండు జరిపిన వర్తకమునకు గూడ ఆ గ్రంథమున పటము గలదు. మచిలీపట్నము మొదలగు మన తీరపు రేవులనుండి ఓడలకెక్కిన బట్టల విలువ గూడ ఆ వర్తకములోనిదే. ఆ బట్టలు నేసినవారికి తమ శ్రమ ఎచ్చటనో ఒక గీతయైనదని తెలియదు.

ప్లేఫేర్ చేసిన పనిని చూచి జేమ్స్ వాట్ ఒక మంచిమాట చెప్పెను. పటములకు మూలములైన పట్టికలను గూడ అచ్చువేయుట మేలు, లేకున్న పటములు కేవలము నీ మాటమీదనే నిలిచినట్లు కనబడునని దాని సారాంశము. యంత్రములు నిర్మించిన వాడు గనుక, కంటికి ఇంపైన దానికిని నమ్మదగిన దానికిని గల భేదము వాట్ ఎఱుగును. వ్యాపార పటములకు చెప్పదగిన మొదటి ధర్మము ఇదియే: బొమ్మ సంఖ్యను చూపవలెను గాని దాచరాదు. చూచువాడు కోరినప్పుడు బొమ్మనుండి పట్టికకు పోవుటకు దారి యుండవలెను.

అయినను ఆద్యుడగు ప్లేఫేరే పొరపాటునకు లోనుగాకపోలేదు. 1801లో అతడు ప్రకటించిన మఱియొక గ్రంథములో ఐరోపా రాజ్యములను వృత్తములుగా గీసెను. ఆ గ్రంథమునకే హిందూస్థానమునందలి పాలక శక్తుల వివరణ గూడ చేర్చబడినది. రాజ్యము వైశాల్యమును బట్టి వృత్తము; వృత్తమున కెడమవైపు జనసంఖ్యను చూపు నిలువుగీత; కుడివైపు రాజ్యాదాయమును చూపు నిలువుగీత. ఈ రెండు గీతల కొనలను చుక్కల గీతతో కలిపి, ఆ గీత యెటు వాలెనో చూచి పన్నులు జనులకు బరువైనవో తేలికయైనవో తెలిసికొనవచ్చునని యతని యూహ. ఎటు వాలెనో తెలియును గాని, ఎంత వాలినదన్నది పన్నులను బట్టియే కాక నడుమనున్న వృత్తపు వెడల్పును బట్టి గూడ మాఱును. గీతల యెత్తులలో భేదము సమానముగనే యున్నను, పెద్ద రాజ్యమునకు వాలు తక్కువగను చిన్న రాజ్యమునకు ఎక్కువగను కనబడును. ఇందు దురుద్దేశమేమియు లేదు. కాని సదుద్దేశము కలవాడు చేసిన కొలపాత్రయు తప్పుగా కొలువవచ్చునని ఈ యుదాహరణము మనకు నేర్పుచున్నది.

తరువాతి నూఱేండ్లలో ఈ విద్య ఐరోపాయంతట వ్యాపించెను. ప్రభుత్వములు జనసంఖ్య, రోగము, రైళ్లు, పన్నులు అన్నిటిని పటములుగా గీయించెను. ఒక్కొక్క దేశము ఒక్కొక్క తీరున, ఒక్కొక్క చిత్రకారుడు తనకు తోచిన తీరున గీయుచుండుటచే ఒకరి పటమును మఱియొకరి పటముతో పోల్చుట దుర్ఘటమయ్యెను. అంతర్జాతీయ గణాంక మహాసభలు ఈ చిక్కును గమనింపకపోలేదు. 1857లో వియన్నాలోను, 1869లో హేగ్ నగరములోను, 1872లో సెయింట్ పీటర్స్‌బర్గులోను ఈ విషయము చర్చకు వచ్చెను. పండితులు చర్చించిరి గాని ఎల్లరు పాటింపదగిన నియమములు మాత్రము వెలువడలేదు. పండితులకు తీరిక యున్నది. ఒకరి పటమును చదువుటకు ఒకరు శ్రమపడగలరు. కర్మాగారమునకు, కంపెనీకి ఆ తీరిక లేదు. అందుచేత ఏకరీతికై గట్టిగా పట్టుబట్టినవారు పండితులు కారు, వ్యాపారరంగమునందలి ఇంజనీర్లు.

వారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు విల్లార్డ్ బ్రింటన్. ఇతడు 1914లో వాస్తవములను పటములుగా చూపు పద్ధతులనుగూర్చి ఒక పెద్ద గ్రంథము వ్రాసెను. అది వ్యాపారులను, అధికారులను ఉద్దేశించి వ్రాయబడినది. అందులో నొక ముచ్చట మాకు మిక్కిలి ప్రీతికరము. 1913వ సంవత్సరము మే నెల 17వ తేదీన న్యూయార్కు నగర ఉద్యోగులు వీథులలో ఊరేగింపు జరిపిరి. దేవుని రథములవలె బండ్లమీద పెద్ద పెద్ద పటములను నిలిపి, వీథికి రెండు ప్రక్కలనుండియు కనబడునట్లు నడిపించిరి. ఆరోగ్యశాఖవారు పారిశుద్ధ్యముచేతను, దాదుల సేవచేతను నగరమున మరణములు ఎట్లు తగ్గుచున్నవో పటములమీద చూపిరి. పన్ను చెల్లించు ప్రజలకు ఆ పన్ను ఏమైనదో వీథిలో నిలిచి చెప్పిరన్నమాట. లెక్క యధికారుల బీరువాలో నుండవలసిన రహస్యము కాదు, జనుల ముందు నడువవలసిన యుత్సవమూర్తి యనుట కింతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

బ్రింటన్ అధ్యక్షతను అమెరికాలోని పలు శాస్త్ర, వృత్తి సంఘముల ప్రతినిధులు కూడి ఒక సంయుక్త సంఘముగా నేర్పడి 1915లో ప్రాథమిక నివేదికను ప్రకటించిరి. అందు పదునేడు నియమములున్నవి. కొన్నిటిని మాత్రము చెప్పెదము. పటము ఎడమనుండి కుడికి నడువవలెను. పరిమాణములను వీలైనంతవఱకు పొడవులచేతనే చూపవలెను. వైశాల్యములచేతను, ఘనపరిమాణములచేతను చూపినచో కన్ను పొరబడును. నిలువు కొలమానము సున్న గీత కనబడునట్లు ఉండవలెను; సున్నను చూపుటకు చోటు చాలనిచో, నడుమ విఱుపును స్పష్టముగ చూపవలెను. సున్న గీత తక్కిన గీతలకంటె ప్రస్ఫుటముగ నుండవలెను. పటమునకు ఆధారమైన సంఖ్యలను పటముననే గాని, చెంత పట్టికలో గాని ఈయవలెను. శీర్షిక స్పష్టముగను, సంపూర్ణముగను ఉండవలెను.

ఈ నియమములు చూచుటకు చిన్నపిల్లలకు చెప్పు బుద్ధులవలె నున్నవి. కాని ఒక్కొక్క నియమము వెనుక నొక్కొక్క మోసము దాగియున్నది. పనివాని కూలి రెండింతలైనదని చూపుటకు పనివాని బొమ్మను రెండింతల యెత్తున, రెండింతల వెడల్పున గీసినచో కంటికి కనబడునది నాలుగింతలు. ధనపు మూటను మూడు దిక్కులను రెండింతలు చేసినచో కనబడునది ఎనిమిదింతలు. వాట్ నూఱేండ్లకు పైగా ముందు చెప్పిన పట్టిక మాటయు, ప్లేఫేర్ వృత్తముల పొరపాటును ఈ నియమములలో చేరియున్నవని పాఠకులు గమనింతురు గాక.

అదే కాలమున పెద్ద కంపెనీలు ఈ క్రమమును తమ పాలనకు సాధనముగ చేసికొనెను. డ్యుపాంట్ అను రసాయన పరిశ్రమ కంపెనీవారు 1920 దశకపు తొలియేండ్లలో విల్మింగ్టన్ నగరమందలి తమ ప్రధాన కార్యాలయమున పటములకై ఒక ప్రత్యేకపు గది నేర్పఱచిరి. పైకప్పునకు బిగించిన పట్టాలనుండి పటములు వ్రేలాడుచుండును. కావలసిన పటమును కార్యనిర్వాహకుల యెదుటికి జరుపుదురు. డొనాల్డ్‌సన్ బ్రౌన్ అను నుద్యోగి కల్పించిన సూత్రము దీని కాధారము. పెట్టుబడిమీద లాభమెంతయన్నది రెండిటి గుణకారము: అమ్మకములో లాభమెంత, పెట్టుబడి ఏటికెన్నిమారులు అమ్మకముగ తిరిగినది. కంపెనీలోని ప్రతి విభాగమును ఈ యొక్క సూత్రము ననుసరించియే, ఈ యొక్క వరుసలోనే పటములు చూపవలసియుండెను. తన విభాగమునకు అనుకూలముగ వేఱొక తీరున గీయింతునను స్వేచ్ఛ ఏ యధికారికిని లేదు. అందుచేత రంగుల విభాగమును, ప్రేలుడు మందుల విభాగమును ప్రక్కప్రక్కను నిలిపి విచారించుట సాధ్యమయ్యెను.

కాని ఆ గది తలుపులు కొద్దిమందికే తెఱవబడినవి. అదే దశకమున వియన్నా నగరమున ఒట్టో న్యూరాత్ అను పండితుడు ఇదే క్రమశిక్షణను జనసామాన్యమునకు పంచిపెట్టెను. ఆయన 1925లో సమాజ ఆర్థిక ప్రదర్శనశాలను స్థాపించెను. కూలిపని చేసికొనువారు, అంతగా చదువురానివారు సయితము తమ నగరపు ఇండ్లు, జనన మరణములు, జీతములు ఏ స్థితిలో నున్నవో చూచి తెలిసికొనవలెనని ఆయన సంకల్పము. ఆయన పెట్టిన కట్టడి మిక్కిలి సులభమైనది: ఎక్కువను చూపుటకు పెద్ద బొమ్మ గీయరాదు, అదే బొమ్మను ఎక్కువమార్లు గీయవలెను. ఒక బొమ్మకు ఇంత సంఖ్య యని నిర్ణయించి, ఆ బొమ్మ ఆకారమును గాని పరిమాణమును గాని మార్చరాదు. మరీ రైడెమైస్టర్ అను విదుషీమణి శాస్త్రజ్ఞుల సంఖ్యలను బొమ్మల వరుసలుగా మార్చు బాధ్యత వహించెను. గెర్డ్ ఆర్న్‌ట్స్ అను చిత్రకారుడు ఆ బొమ్మలను చెక్కెను. 1934లో ఆస్ట్రియాలో ప్రజాస్వామ్యము కూలిపోగా వీరు హేగ్ నగరమునకును, 1940లో జర్మను సేనలు హాలండును ఆక్రమింపగా న్యూరాత్, మరీ యిరువురు ఇంగ్లండునకును వలసపోయిరి. ఈ పద్ధతికి 1935లో ఐసోటైప్ అను పేరు పెట్టిరి. న్యూరాత్ 1945లో మరణింపగా, ఆయన సహధర్మచారిణియైన మరీ ఆ పనిని సాగించి, 1950 దశకమున ఆఫ్రికాలోని నైజీరియా పశ్చిమ ప్రాంతపు ప్రజలకై గూడ పటములు చేయించెను.

విల్మింగ్టన్ గది, వియన్నా ప్రదర్శనశాల ఈ రెండిటి యాశయములు వేఱు. ఒకటి ధనికుల లాభము విచారించినది. రెండవది శ్రామికుల బ్రతుకు విచారించినది. అయినను రెండును ఒక్క నియమమునకే కట్టుబడినవి: ఒక గుర్తునకు ఒక్కటే యర్థము, ఒక కొలతకు ఒక్కటే పొడవు. పరస్పరము విరుద్ధములైన రెండు మార్గములు ఒక్క చోటికే చేరినప్పుడు, ఆ చోట సత్యమున్నదని నమ్మవచ్చును.

ఇక మన సంగతి చూతము. ఒక చేనేత సహకార సంఘమున్నదనుకొందము. దాని అమ్మకములు అయిదేండ్లలో వరుసగా 96, 98, 100, 101, 103 లక్షల రూపాయలు. ఏడు లక్షల పెరుగుదల, అనగా నూటికి ఏడింటికి కొంచెము మీరినది. నివేదిక వ్రాసినవారు నిలువు కమ్మీల పటము గీయించి, అడుగు గీతను సున్నవద్ద గాక 95 లక్షలవద్ద పెట్టిరి. మొదటి యేటి కమ్మీ ఒక అంగుళమైనచో చివరియేటి కమ్మీ ఎనిమిది అంగుళములు. తరువాతి పుటలో సంఘమునకున్న అప్పుల పటమున్నది. అప్పులు అయిదేండ్లలో 20 లక్షలనుండి 40 లక్షలైనవి, అనగా రెండింతలు. కాని ఆ పటమునకు కొలమానము సున్న మొదలు 400 లక్షల వఱకు పెట్టిరి. అప్పుల గీత నేలనంటుకొని ప్రాకుచున్నట్లు కనబడును. సమావేశమునకు వచ్చిన నేతపనివాడు మొదటి పుట చూచి సంతసించును. రెండవ పుట చూచి నిశ్చింతపడును. తరువాత చేతులెత్తి నివేదికను ఆమోదించి ఇంటికి పోవును. అతనికి ఎవ్వరును అబద్ధము చెప్పలేదు. అతని వాటాధనము మాత్రము ఆపదలో నున్నది.

అమెరికా పండితుడు ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి వంచనను కొలుచుటకు ఒక సూత్రము చెప్పెను. బొమ్మలో కనబడు మార్పును సంఖ్యలోని మార్పుచే భాగింపవలెను. ఫలము ఒకటి యైనచో బొమ్మ సత్యవాది. మన యుదాహరణమున బొమ్మలోని పెరుగుదల ఏడింతలు. సంఖ్యలోని పెరుగుదల 96లో ఏడవవంతు గాదు, 96 భాగములలో ఏడు భాగములు. భాగించి చూచినచో 96 వచ్చును. ఒక్క అడుగు గీతను జరిపినంతనే సత్యము తొంబదియాఱింతలు ఉబ్బినది. ఇది కేవలము మా కల్పన యని త్రోసివేయరాదు. వివియన్ బీటీ, మైకేల్ జోన్స్ అను పరిశోధకులు బ్రిటనులోని 240 పెద్ద కంపెనీల వార్షిక నివేదికలను పరిశీలించి 1992లో తమ ఫలితములను ప్రకటించిరి. ఫలితములు బాగుగనున్న యేట కంపెనీలు పటములు ఎక్కువగా గీయుచున్నవనియు, వక్రించిన పటములు తఱచు కంపెనీకి అనుకూలముగనే వక్రించుచున్నవనియు వారు కనుగొనిరి. చేయి తడబడి జరిగిన తప్పులైనచో సగము అనుకూలముగను, సగము ప్రతికూలముగను ఉండవలెను గదా!

ఇచ్చట కొందఱు ఒక యాక్షేపణ తెత్తురు. అన్ని పటములకు సున్ననుండియే మొదలుపెట్టవలెననుట మూఢాచారము కాదా? జ్వరపటమును సున్ననుండి గీసినచో రోగి చచ్చునో బ్రతుకునో తెలియునా? ఈ యాక్షేపణ న్యాయమైనదే. జ్వరపటము సున్ననుండి మొదలుకాదు, కారాదు. కాని దాని విశేషమును చూడుడు. ఆసుపత్రిలో ఒక రోగి మంచమునకు వ్రేలాడు పటమును, ప్రక్క రోగి మంచమునకు వ్రేలాడు పటమును ఒక్కటే కొలమానముతో అచ్చువేయబడినవి. ఆరోగ్యవంతుని వేడి ఎచ్చట నుండవలెనో గీతకు తెలియును, వైద్యునికి తెలియును. ఒక రోగి బంధువులు కోరినారని ఆ గీతను ఎవ్వరును జరుపరు. కావున మేము కోరునది సున్నపూజ కాదు. కమ్మీలు పొడవుచేతనే మాటాడును గనుక వానికి సున్న తప్పదు. గీతల పటమునకు అవసరమునుబట్టి వేఱొక యారంభముండవచ్చును. కాని దానిని కంటికి తగులునట్లు చెప్పవలెను. పోల్చుటకై ప్రక్కప్రక్కను పెట్టిన పటములకు మాత్రము ఒక్కటే కొలమానముండితీరవలెను.

మఱికొందఱు, అన్ని పటములు ఒక్క తీరుననే యున్నచో చూచువారికి విసుగు పుట్టునందురు. అందుచేతనే ఒక పుటలో వృత్తము, ఒక పుటలో గోపురము, ఒక పుటలో రంగురంగుల పిరమిడు గీయుదురు. వీరికి మా ప్రత్యుత్తరమొక్కటే. తెలుగు లిపిలో కకారము ప్రతి పుటలోను ఒక్క తీరుననే యున్నదని ఏ పాఠకుడైన విసుగుకొనునా? అక్షరము మాఱకుండుటచేతనే కథలోని మార్పు మనకు తెలియుచున్నది. అట్లే పటము రూపు మాఱకున్నప్పుడే వ్యాపారములోని మార్పు కంటబడును.

ఇప్పుడు చేతితో పటములు గీయువారు అరుదు. గణనయంత్రమునకు సంఖ్యలిచ్చినచో క్షణములో పటము సిద్ధమగును. సౌకర్యము మెచ్చదగినదే. కాని యంత్రము ప్రతి పటమునకును దానికి తగిన కొలమానమును దానంతటదియే ఎంచుకొనును. ప్రక్క పటముతో పోల్చవలెనను చింత దానికి లేదు. షావుకారు బుద్ధిపూర్వకముగ చేసినదానిని యంత్రము బుద్ధిలేక చేయుచున్నది. ఈ కారణమున బ్రింటన్ నాటి ప్రయత్నము మరల మొదలైనది. రోల్ఫ్ హికెర్ట్ అను ఆచార్యుడు జర్మను భాషా ప్రాంతముల కంపెనీలలో ప్రచారము చేసిన నియమముల ఆధారమున, వ్యాపార నివేదనమునకు అంతర్జాతీయ ప్రమాణములు ఏర్పఱచుటకై 2013లో ఒక సంఘము స్థాపింపబడినది. వారి పద్ధతిలో జరిగినదానిని నిండుగ నింపిన కమ్మీతోను, వేసికొన్న అంచనాను అంచులు మాత్రము గీసిన ఖాళీ కమ్మీతోను, ముందు జరుగునని తలచినదానిని ఏటవాలు గీతలు నింపిన కమ్మీతోను చూపుదురు. జరిగినది నిండుది, అనుకొన్నది ఖాళీది. ఇంతకంటె నీతిమంతమైన వ్యాకరణము ఏమి కావలెను?

మన దేశపు నివేదికలకు ఇంకను కొన్ని ప్రత్యేకపు చిక్కులున్నవి. ఒక పుటలో లక్షలు కోట్లు, మఱియొక పుటలో మిలియన్లు కనబడును. పది లక్షలు ఒక మిలియనని తెలియని సభ్యుడు తికమకపడును. ఒక పటమునందు ఏప్రిల్ మొదలు మార్చి వఱకు నుండు ఆర్థిక సంవత్సరము, తరువాతి పటమునందు జనవరి మొదలు డిసెంబరు వఱకు నుండు సంవత్సరము. రంగుల విషయమున మఱియు జాగరూకత కావలెను. మన యిండ్లలో ఎఱుపు కుంకుమకును, పసుపు శుభమునకును గుర్తులు. పరదేశపు లెక్కల సంప్రదాయమున ఎఱుపు నష్టమునకు గుర్తు. ఏ రంగునకు ఏ యర్థమో నివేదిక మొదటి పుటలోనే చెప్పి, చివరి పుట వఱకు మాటతప్పకుండుట ఒక్కటే దీనికి మందు. రంగుల భేదమును గుర్తింపలేని కన్నులు గలవారు గూడ సభలలో నుందురు. కావున రంగుతోపాటు పేరును గూడ పటముననే వ్రాయవలెను.

ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను పల్లెపల్లెను స్త్రీల పొదుపు సంఘములున్నవి. చేనేత సంఘములు, పాల సంఘములు, రైతుల పరపతి సంఘములు ఉన్నవి. ఈ సంఘముల లెక్కలు వ్రాయువారికి మా విన్నపము కొద్దిమాటలలో చెప్పెదము. నివేదికకు ఒక్క కొలమానము నిర్ణయించుకొనుడు. మార్చక తప్పనిచో మార్చితిమని పెద్ద యక్షరములతో వ్రాయుడు. నిరుడు గీసిన పటమును ఈ యేడు గూడ అదే తీరున గీయుడు. లాభము వచ్చిన యేట చూపి, నష్టము వచ్చిన యేట మానకుడు. సంఖ్యను బొమ్మ చెంతనే వ్రాయుడు. శీర్షికలో ఏమి, ఎచ్చట, ఎప్పుడు అను మూడిటిని తెలుగులో చెప్పుడు. సంఘ సభ్యులకు మా మనవి యింకను చిన్నది: పటము చూపినప్పుడు కమ్మీల యెత్తు చూడకముందు అడుగు గీత ఎచ్చటనున్నదో చూడుడు, లేచి నిలిచి అడుగుడు. అడుగుట అమర్యాద కాదు. వాటాదారునకు అది హక్కు.

ఊరిపెద్దయైనను, షావుకారైనను, కొలుచునప్పుడు కుంచమును ముందు బోర్లించి చూపి, తరువాత ధాన్యము పోయవలెనని రైతు పట్టుబట్టిననాడు ఆ కుంచమునకు అడుగున అతికిన మైనపు ముద్ద బయటపడును. పటమునకు అడుగు గీతయే ఆ కుంచపు అడుగు. దానిని బోర్లించి చూపుమని అడుగు సభ్యులును, అడుగకముందే చూపు కార్యదర్శులును మన సంఘములలో పెరుగుదురు గాక.